గునుగును కోసుకోవడమే కాదు, పెంచుకోవాలి

బతుకమ్మ దగ్గర పడితే హైదరాబాద్ పూల మార్కెట్లలో, కాలనీ కూడళ్లలో గునుగు కట్టలు కనిపిస్తాయి. జనం బేరమాడి కొంటారు. ఒక తరం కిందట గునుగుకు డబ్బులివ్వడం అంటే ఊళ్లో నవ్వేవాళ్లు. పొద్దున్నే పిల్లలు సంచి పట్టుకుని చెలకల్లోకి పోతే గంటలో మోపెడు పూలు వచ్చేవి. చేను గలాయన వద్దనకపోగా, వేళ్లతో సహా పీక్కుపొమ్మనేవాడు. ఆయనకు అది కలుపు. పీకేవాళ్లకు పండుగ.

ఇప్పుడు ఏటా బతుకమ్మ ముందు ఒకటే మాట వినిపిస్తుంది: గునుగు మాయమైపోతోంది, పూలు దొరకడం లేదు. ఈ బాధ నిజమైనదే. కానీ ఇందులో రెండు విషయాలు కలిసిపోతున్నాయి, వాటిని విడదీసి చూడాలి. గునుగు అంతరించే మొక్క కాదు. ఆసియా, ఆఫ్రికా ఖండాల్లోని వేడి ప్రాంతాలన్నిటా అది మొండిగా పెరుగుతూనే ఉంది. తగ్గుతున్నది మన ఊరి చెలకల్లో, మనం నడిచి వెళ్లి కోసుకోగలిగినంత దూరంలో. మొక్కే పోతుంటే దాన్ని కాపాడటానికి పెద్ద పథకాలు కావాలి. దగ్గర లేకపోవడమే సమస్య అయితే గుప్పెడు గింజలు చాలు. తంగేడుకు పాదు తీసేవాళ్లు, బంతి నారు పోసేవాళ్లు ఉన్నారు గానీ గునుగు విత్తేవాళ్లు చాలా తక్కువ. దాన్ని మనం ఎప్పుడూ తోట మొక్కగా చూడలేదు. చూడాల్సిన సమయం వచ్చింది.

గునుగుకు స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో పెట్టిన శాస్త్రీయ నామం సెలోషియా అర్జెంటియా. అర్జెంటియా అంటే వెండిలాంటిది అని. తోటకూర కుటుంబానికి చెందిన ఏడాది మొక్క ఇది. తొలకరికి మొలిచి, ఎండాకాలం రాకముందే గింజ రాల్చి ఎండిపోతుంది. నేల బాగుంటే నడుము దాకా, ఇంకా పైకి కూడా లేస్తుంది. కంకి కొన లేత గులాబీ రంగులో ఉండి, కిందినుంచి పైకి విచ్చుకుంటూ వచ్చే కొద్దీ వెండి తెలుపుకు తిరుగుతుంది. గునుగులో మనం పూరేకులు అనుకునేవి అసలు పూరేకులు కావు. ఈ పువ్వుకు ఆకర్షక పత్రాలు, అంటే అసలైన పూరేకులు, లేవు. మెరిసే ఆ భాగాలు పల్చటి కాగితంలా ఎండి ఉండే పరిపత్రాలు, అంటే పువ్వును చుట్టి ఉండే పొరలు. పచ్చిగా ఉన్నప్పుడు కూడా వాటిలో నీరు చాలా తక్కువ.

బతుకమ్మకు గునుగు ఎందుకంత కావాలో ఈ నిర్మాణంలోనే ఉంది. తాంబాళంలో గుమ్మడి ఆకులు పరిచి, తంగేడు, గునుగు, బంతి, చామంతి వరసలుగా పేరుస్తారు. కంకులు బయటికి, కాడలు లోపలికి వచ్చేలా పెట్టి, నడుమ ఖాళీని తుంచిన కాడలతో, ఆకులతో కూరుతూ పోతారు. బతుకమ్మ ఎత్తు పెరిగే కొద్దీ ఆ బరువును మోసేది ఈ లోపలి కాడలే. గునుగు కాడ గట్టిది, నిటారైనది, కట్ట కడితే జారదు. పొద్దున కోసిన పువ్వు సాయంత్రం ఆటల దాకా వాడదు, ఎందుకంటే వాడిపోవడానికి అందులో తడి ఉంటేగా. తెల్లగా, పొడిగా ఉంటుంది కాబట్టి రంగు నీళ్లలో కంకి కొన ముంచితే ఇట్టే పీల్చుకుంటుంది. తంగేడు పసుపు తంగేడుదే, బంతి నారింజ బంతిదే. గునుగు మాత్రం అడిగిన రంగల్లా తొడుక్కుంటుంది. పెద్ద బతుకమ్మ పేర్చినవాళ్లెవరిని అడిగినా, తంగేడు తక్కువైతే సర్దుకోవచ్చు గానీ గునుగు లేకుండా ఎత్తు నిలవదంటారు.

మరి సరిగ్గా బతుకమ్మ ఆడే తొమ్మిది రోజులకే పూత ఎలా అందుతుంది? గునుగు పూతను పగటి పొడవు నడిపిస్తుంది. పగలు తగ్గుతూ, రాత్రి పెరుగుతూ వచ్చినప్పుడు ఈ మొక్క పూతకు తొందరపడుతుంది. హైదరాబాద్‌లో జూన్ మూడో వారంలో పగలు 13 గంటల పైన ఉంటుంది, సెప్టెంబర్ 23 నాటికి 12 గంటలకు దిగుతుంది. పండుగ మొదలయ్యే మహాలయ అమావాస్య ఆ తేదీకి కాస్త అటూ ఇటూగా వస్తుంది. మొదటి రోజు ఎంగిలిపూల బతుకమ్మ నుంచి చివరి రోజు సద్దుల బతుకమ్మ దాకా చెలకలు తెల్లగా మెరవడం వెనుక ఉన్న లెక్క ఇదే. పండుగ పువ్వును వెతుక్కోలేదు, ఆ ఋతువులో నేల ఇచ్చిందే పండుగ అయ్యింది అనడం సబబు. 2014లో తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మను రాష్ట్ర పండుగగా ప్రకటించాక పట్టణాల్లో పూల అవసరం ఇంకా పెరిగింది. పువ్వునిచ్చే నేల మాత్రం పెరగలేదు.

ఇక్కడ రైతు పక్షాన కూడా నిలబడి మాట్లాడాలి. గునుగును పొగిడేవాళ్లు అది చేనుకు చేసే నష్టాన్ని దాటేస్తారు. వేరుశనగ, పత్తి, మొక్కజొన్న, సోయా చేలల్లో ఇది మొండి కలుపు. పైరు చిన్నగా ఉన్నప్పుడే ఎదిగి వెలుతురును, నత్రజనిని లాక్కుంటుంది. ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది. ఒక ఏడాది వదిలేస్తే తర్వాత ఎన్నో ఏళ్లు మొలుస్తూనే ఉంటుంది. కలుపు తీతకు కూలీలు దొరకని రోజుల్లో, దొరికినా ఎకరాకు అయ్యే ఖర్చు చూసి గుండె ఆగే పరిస్థితిలో, రైతు కలుపు మందు కొట్టాడని తప్పు పట్టడం న్యాయం కాదు.

అయితే మందు చేసే పని, చెయ్యి చేసే పని ఒకటి కాదు. కూలీలు కలుపు తీసినప్పుడు సాళ్లలో మొక్క పోయినా గట్ల మీద, రాళ్ల కుప్పల పక్కన, కంచె మొదట్లో నాలుగు మొక్కలు మిగిలేవి. అవి పూసి, గింజ రాల్చి, ఏటికేడు వంశం నిలిపేవి. విత్తిన వెంటనే కొట్టే పెండిమిథాలిన్, మొక్కజొన్నలో వాడే అట్రజిన్, వేరుశనగ, సోయాల్లో రెండు మూడు వారాలకు కొట్టే ఇమాజెథాపిర్ లాంటివి వెడల్పాకు కలుపును మొలక దశలోనే అణిచేస్తాయి. గట్ల మీద గ్లైఫోసేట్ కొడితే ఆ చివరి నాలుగు మొక్కలూ ఉండవు. గింజ రాలని ఏళ్లు వరసగా గడిస్తే నేలలో దాగిన గింజల నిల్వ కరిగిపోతుంది. దీనికి తోడు, పట్నాల చుట్టూ చెలకలే ప్లాట్లయ్యాయి. విచిత్రంగా అమ్ముడుపోయి ఇల్లు కట్టని ఖాళీ ప్లాట్లలో ఇప్పుడు గునుగు కనిపిస్తుంది, పొలంలో నిలవనీడ లేనిది వెంచర్ హద్దురాళ్ల మధ్య పూస్తోంది.

అడుగు దూరంలో పెరిగే ఈ మొక్కను మనవాళ్లు కూరగా కూడా తిన్నారు. దీన్నే గురుగు అని కూడా అంటారు. పూత రాకముందు లేత ఆకు, లేత కొన తెంపి పప్పులో వేస్తారు, ఉల్లిపాయ వేసి వేపుడు చేస్తారు. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి పనిచేసే మహిళా రైతులు విత్తకుండానే మొలిచే ఆకుకూరలకు ఎంతో విలువనిచ్చారు. వాళ్ల లెక్కలో కలుపు అనే మాటకు చోటు తక్కువ, ఏ మొక్క ఏ రోజుల్లో కూరకు పనికొస్తుంది అన్నదే లెక్క. పేదింటికి ఆకుకూర పైసా ఖర్చు లేకుండా దొరికే దారి అది. కలుపు మందు ఆ దారిని కూడా మూసింది. బతుకమ్మ పూల గురించి వినిపించినంత బాధ ఈ కూర గురించి వినిపించదు, నిజానికి ఇదే పెద్ద నష్టం.

మనం పీకి పారేసే ఈ మొక్కనే నైజీరియా, బెనిన్ దేశాల్లో మడులు కట్టి, నీళ్లు పెట్టి, ఎరువు వేసి ఆకుకూరగా పండిస్తారు. విత్తిన నాలుగైదు వారాల నుంచే కోతకు వస్తుంది. యోరుబా భాషలో దానికి సోకో యోకోటో అని పేరు, భర్త ముఖం నిగనిగలాడేలా చేసే కూర అని ఆ పేరుకు అర్థం చెబుతారు. మన చెలకలో గునుగు, లాగోస్ సంతలో సోకో, మొక్క ఒకటే. తోటకూర కుటుంబపు ఆకుకూరల్లో ఉన్నట్టే దీనిలోనూ మూత్రపిండాల్లో రాళ్లకు దారితీసే ఆక్సలేట్లు ఎక్కువ. అందుకే ముందు ఉడికించి ఆ నీళ్లు పారబోసి, తర్వాత వండుకోవాలి. మూత్రపిండాల్లో రాళ్లు ఉన్నవాళ్లు దూరంగా ఉండటమే మంచిది.

మందుగా గునుగు మాటకొస్తే జాగ్రత్తగా నడవాలి. ఆయుర్వేదంలో శితివారకం అనే పేరుతో దీని గింజలను మూత్ర సంబంధమైన బాధలకు వాడతారు. ఊళ్లలో గింజలను నీళ్ల విరేచనాలకు వాడే అలవాటు ఉంది. చైనా సంప్రదాయ వైద్యంలో ఈ గింజలకు చింగ్ షియాంగ్ జి అని పేరు. ఆ దేశపు అధికారిక ఔషధ గ్రంథంలో కూడా చోటుంది. కళ్లు ఎర్రబడటం, చూపు మసకబారడం లాంటి వాటికి ఇస్తారు. అదే వైద్యం ఒక హెచ్చరిక కూడా చేస్తుంది: ఈ గింజలకు కంటిపాపను పెద్దది చేసే గుణం ఉంది, కంటి నరాన్ని దెబ్బతీసే గ్లాకోమా జబ్బు ఉన్నవాళ్లు వాడకూడదు. మన దగ్గర 'కంటికి మంచిది' అన్న సగం మాట ఫోన్లలో తిరుగుతుంది, ఈ రెండో సగం తిరగదు. గ్లాకోమా ఉన్న పెద్దావిడ కంటికి మంచిదని గింజల పొడి తింటే జరిగేది మేలు కాదు.

ప్రయోగశాలల్లో కూడా దీని మీద పని జరిగింది. 1990ల్లో జపాన్ పరిశోధకులు గింజల నుంచి సెలోసియన్ అనే పాలిసాకరైడ్‌ను (చక్కెరలు గొలుసులా కలిసిన పదార్థాన్ని) వేరుచేసి, ఎలుకల జాతి జంతువుల కాలేయానికి రసాయనాల వల్ల జరిగే హానిని అది తగ్గిస్తుందని చూపారు. గింజల్లోని సాపోనిన్లు అనే నురుగునిచ్చే పదార్థాల మీద చైనాలో ఇలాంటి పనే జరిగింది. ఇవన్నీ ఆశ కలిగించే మొదటి మెట్లు. ఎలుకలో పనిచేసింది మనిషికి మందు కావాలంటే మోతాదు తేలాలి, భద్రత తేలాలి, మనుషుల మీద పరీక్షలు జరగాలి. పచ్చకామెర్లు వచ్చినవాళ్లు డాక్టర్ దగ్గరికి పోకుండా గునుగు గింజలు నూరుకుని తాగడానికి ఈ ప్రయోగాలు అనుమతి ఇవ్వవు. కూరగా గునుగుకు తరతరాల అనుభవం ఉంది. మందుగా ఉన్నది ఇంకా తేలని నమ్మకం. రెంటినీ ఒకే తక్కెడలో వేయకూడదు.

బతుకమ్మ పూలు చెరువు నీటిని శుద్ధి చేస్తాయన్న మాట కూడా ఇలాంటిదే. బతికున్న గునుగు మొక్క వేళ్ల ద్వారా మట్టిలోని కాడ్మియం లాంటి లోహాలను బాగా పీల్చుకుంటుందని చైనాలో జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. కలుషితమైన నేలలను బాగు చేయడానికి దీన్ని నాటే ఆలోచన కూడా ఉంది. కానీ ఆ పని చేసేది నేలలో వేళ్లూనిన మొక్క, కోసి నీళ్లలో వేసిన కంకి కాదు. కంకులు కొద్దిగా పడితే చేపలకు, పురుగులకు తిండి అవుతాయి, పరవాలేదు. ఒకే చెరువులో వేల బతుకమ్మలు నిమజ్జనం చేస్తే కుళ్లేటప్పుడు అవి నీటిలోని ఆక్సిజన్‌ను తినేస్తాయి. రసాయన రంగులు అద్దిన గునుగైతే ఆ రంగూ నీళ్లలోకే పోతుంది. పండుగ మీద ప్రేమ ఉన్నవాళ్లే ఈ మాట చెప్పాలి. మొక్క లోహాలను పీలుస్తుందన్న విషయం వంటింటికి కూడా ఒక పాఠం. పటాన్‌చెరు లాంటి పారిశ్రామిక ప్రాంతాల వాగుల పక్కన, చెత్త పోసే చోట మొలిచిన గునుగును పూలకు కోసుకోవచ్చు, కూరకు మాత్రం కోయకూడదు.

తోటల సంగతి చూస్తే గునుగు బంధువులు ఎప్పుడో మన ఇళ్లలోకి వచ్చేశారు. కోడిజుట్టు పువ్వు, పట్టుకుచ్చుల పువ్వు, సీతమ్మ జడ అని ఊరిని బట్టి పిలుచుకునే ముఖమల్ లాంటి ఎర్రటి పువ్వు దీని దగ్గరి చుట్టమే. మామూలుగా కొమ్మ చివర ఒక బిందువు నుంచి పెరుగుదల సాగుతుంది. కోడిజుట్టులో ఆ బిందువు గీతలా సాగి, కొన వెడల్పై ముడతలు పడుతుంది, అదే ఆ జుట్టు. అడవి గునుగులో 72 క్రోమోజోములు, కోడిజుట్టులో 36 ఉన్నట్టు లెక్కించారు. అందుకే రెంటినీ ఒకే జాతి అనేవాళ్లూ, వేరు జాతులు అనేవాళ్లూ వృక్షశాస్త్రంలో ఇద్దరూ ఉన్నారు. వీటి ఎరుపు, పసుపు రంగులు మందారంలో ఉండే రకం రంగులు కావు. బీట్‌రూట్‌కు, ఎర్ర తోటకూరకు రంగునిచ్చే బీటాలెయిన్లు.

గునుగును ఇంట్లో పెంచడానికి పెద్ద తోట అక్కర్లేదు. కావలసింది ఎండ. రోజుకు ఆరు గంటల ఎండ తగిలే డాబా, పెరడు, అపార్ట్‌మెంట్ ప్రహరీ పక్కన మూరెడు మట్టి ఉంటే చాలు. జూన్ రెండో సగం నుంచి జూలై నడిమి దాకా విత్తితే పండుగకు అందుతుంది. గింజలు నల్లగా, నున్నగా మెరుస్తుంటాయి, గ్రాముకు దాదాపు వెయ్యి తూగుతాయి. అంత చిన్నవి కాబట్టి పొడి ఇసుకతో కలిపి చల్లి, పైన పల్చగా మట్టి దులపాలి. లోతుగా పూడిస్తే మొలవవు. వారం, పది రోజుల్లో మొలకలు వస్తాయి. ఈ దశలో నీళ్లు నిలిస్తే మొదలు కుళ్లి ఒరిగిపోతాయి, నారు పోయడానికి కింద రంధ్రాలున్న తొట్టే వాడాలి. నాలుగు ఆకులు వచ్చాక జానెడు దూరానికి ఒకటి ఉంచి మిగతావి తీసేయాలి. తీసినవాటిని పారేయకండి, ఆ రోజు పప్పులోకి అవే.

మొక్క అడుగు ఎత్తు వచ్చాక కొన గిల్లితే పక్క కొమ్మలు పుట్టి, ఒకే పెద్ద కంకికి బదులు పది మామూలు కంకులు వస్తాయి. బతుకమ్మకు ఇవే అనువు. ఎరువు ఎక్కువ వేస్తే ఆకు కమ్ముకుని పూత వెనకబడుతుంది, మాగిన పశువుల ఎరువు ఒకసారి చాలు. పట్నంలో పెంచేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. వీధి దీపం, గేటు లైటు రాత్రంతా పడే చోట మొక్కకు పగలు ఇంకా తగ్గలేదన్నట్టే ఉంటుంది, పూత ఆలస్యమవుతుంది. పక్కింటి గునుగు విరగబూసి మనది ఆకులతోనే ఉంటే ముందు దీపం వైపు చూడండి.

రంగు అద్దే పని తగ్గించుకునే దారి కూడా తోటలోనే ఉంది. గులాబీ, ఊదా కంకులు వేసే సెలోషియా స్పికాటా రకాలు విత్తనాల షాపుల్లో దొరుకుతాయి. గోధుమ కంకిలా ఉండే ఆ పువ్వు గునుగుకు తోట రూపమే. తెల్ల గునుగు, గులాబీ స్పికాటా, ఎర్ర కోడిజుట్టు మూడూ పక్కపక్కన విత్తితే బతుకమ్మకు మూడు రంగులు రసాయనం లేకుండా వస్తాయి. పసుపు కావాలంటే తెల్ల గునుగును పసుపు నీళ్లలో ముంచితే చాలు. అమెరికా, ఇంగ్లండ్‌లలో బతుకమ్మ ఆడే తెలుగు కుటుంబాలకు కూడా ఇదే దారి. చామంతులతో సరిపెట్టుకునేవాళ్లు అక్కడి షాపుల్లో స్పికాటా గింజలు కొని, చలి పూర్తిగా పోవడానికి నాలుగైదు వారాల ముందు ఇంట్లో నారు పోసి, తర్వాత బయట నాటుకుంటే ఎండాకాలం చివరికి గునుగు చేతికొస్తుంది. ముందే పూసినా బెంగ లేదు. కోసి, ఆకులు దూసి, చిన్న కట్టలుగా కట్టి, గాలి ఆడే చీకటి గదిలో తలకిందులుగా వేలాడదీస్తే రెండు మూడు వారాల్లో రంగు పోకుండా ఆరిపోతుంది. దాచుకుని పండుగ రోజు వాడుకోవచ్చు.

సద్దుల బతుకమ్మ హడావిడిలో పెరట్లో ఉన్న కంకులన్నీ కోసేయాలని చెయ్యి లాగుతుంది. రెండు మొక్కలను ముట్టుకోకుండా వదిలేయండి. నెల తర్వాత కంకి అడుగు భాగం గడ్డి రంగుకు తిరుగుతుంది. లోపలి చిన్న చిన్న కాయలు డబ్బీ మూత ఊడినట్టు అడ్డంగా విచ్చుకుంటాయి. అప్పుడు కాగితం మీద వంచి దులిపితే నల్లటి గింజలు జలజల రాలుతాయి. పొట్టు ఊది, రెండు రోజులు నీడలో ఆరబెట్టి, తడి లేని సీసాలో పోసి మూత బిగించి పేరు రాసి పెట్టుకుంటే వచ్చే తొలకరికి మీ ఇంటికే కాదు, వాడకట్టు అందరికీ పంచినా మిగులుతాయి.